అర్హత లెక్క వేరు, బలం లెక్క వేరు: సీజన్ నడిమిట్ల ఓ ఓడిన అభిమాని పద్దు

ఆరు మ్యాచులాడితే ఒకటి గెలిచి అయిదు ఓడింది మా టీం. అసొంటి టీం అభిమాని కూసొని, ఎదుటి టీములల్ల ఎవలు గట్టిగున్నరు, ఎవలు పైపైన మెరుస్తున్నరని లెక్కగడ్తుంటే ఎవలకన్న నవ్వొస్తది. నవ్వుండ్రి, ఏం గాదు. గెలిచెటోడు స్కోరు చూసి సంబురంగ పండుకుంటడు. ఓడెటోడే నిద్రవట్టక మ్యాచ్ మొత్తం మళ్ళ తిరగేస్తడు. అందుకే ఓడినోని దగ్గర లెక్కలు ఎక్కువుంటయి.

నేను చెప్పేది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ సంగతి. ఫ్లోరిడా రాష్ట్రానికి రాజధాని తల్లహాసీ. ఆ ఊర్ల ఉన్న ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీల రెండేండ్లు చదివిన. చదువైపోయి ఊరికొచ్చిన గని, ఆ టీం మీది పాయిరం మాత్రం పోలేదు. ఆడ రాత్రి 7 గంటలకు మ్యాచైతే మనకు తెల్లారి నాలుగున్నర. పాలు పిండెటోళ్ళు లేవకముందే నేను లేచి ఫోన్ పట్టుకుంట.

మొన్న దసరా నాడు మా టీంకు మ్యాచ్ లేదు. ఈ శుక్రవారం, అక్టోబర్ 18న, డ్యూక్ టీం తోని మళ్ళ షురూ అయితది. 12 మ్యాచుల సీజన్ల సగం ఒడిసింది, సగం మిగిలింది. బలాబలాలు కొలిచేందుకు ఇదే అదను. నేను చెప్పదల్సుకున్నది ఒక్కటే ముచ్చట: ఎవలు అర్హులు అనేది ఒక లెక్క, ఎవలు బలమైనోళ్ళు అనేది ఇంకో లెక్క. ఈ రెండిట్ని కలిపేస్తే మోసపోతం. మా టీం కథల ఈ మోసం రెండుసార్లు జరిగింది.

ముందుగాల ఆట సంగతి జర

ఈ ఫుట్‌బాల్ మనం కాలుతోని తన్నేది గాదు. బంతి కోడిగుడ్డు తీరుగుంటది. దిక్కుకు 11 మంది. మైదానం 100 గజాలు. బంతి ఉన్న టీంకు నాలుగు ఛాన్సులుంటయి, ఆ నాలుగిట్ల 10 గజాలు ముందుకు పోవాలె. పోతే మళ్ళ నాలుగు ఛాన్సులు. ఆఖరి గీత దాటితే 6 పాయింట్లు, ఆ తర్వాత బంతిని స్తంభాల నడుమ తంతే ఇంకొకటి. గీత దాక పోలేకపోతే, ఉన్న కాడికెల్లే తన్ని 3 పాయింట్లు తెచ్చుకోవచ్చు.

బంతి చేతిల పట్టుకొని ఎవలకియ్యాల్నో తేల్చెటోడు క్వార్టర్‌బ్యాక్. పేరంతా ఆయనకే వస్తది. గని ఆయన ముందట అయిదుగురు బరువైన మనుషులు నిలవడ్తరు. ఎదుటోళ్ళు మీదికి రాకుండ ఆపేది వాళ్ళే. క్వార్టర్‌బ్యాక్ బండి తోలెటోడైతే, ఈ అయిదుగురు ఎడ్లు. ఎడ్లు కూలవడితే తోలెటోడు ఎంత సిపాయైనా బండి కదలదు.

సీజన్ ఆగస్టు ఆఖర్ల షురూ అయి నవంబర్ ఆఖరుకు ఒడుస్తది. వారానికి ఒక్క మ్యాచే. మండలాల వారీగ టోర్నీలున్నట్టు ఆడ టీములన్ని కాన్ఫరెన్సుల కింద ఉంటయి. మాది అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్, ఏసీసీ అంటరు. పోయినేటి దాక దేశం మొత్తం మీద నాలుగు టీములకే ప్లేఆఫ్ ఛాన్స్. ఈ ఏడు నుంచి 12 టీములకు ఇస్తున్నరు.

మొదటి మోసం: 13 గెలిచినా బయటనే

పోయినేడు, 2023ల, మా టీం 13 ఆడి 13 గెలిచింది. ఏసీసీ కప్పు సుత కొట్టింది. గని నవంబర్ 18న మా క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలుకు పెద్ద దెబ్బ తాకింది. డిసెంబర్ 3న కమిటీ కూసొని మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్, అలబామాలను తీస్కున్నది. ఒక్కో మ్యాచ్ ఓడిన టెక్సస్, అలబామా లోపలికి వోయినయి. ఒక్కటి సుత ఓడని మేము బయట నిలవడ్డం. పెద్ద కాన్ఫరెన్స్ గెలిచి, ఓటమి అనేదే లేని టీంను ఆ నాలుగు టీముల పద్ధతిల పక్కకు పెట్టుడు అదే మొదటిసారి.

కమిటీ చెప్పిన కారణమేంది? ట్రావిస్ లేకుంటే ఇది పాత టీం గాదు అని. అది బలం లెక్క. మేమడిగింది అర్హత లెక్క. పరీక్ష మంచిగ రాసి ర్యాంకు తెచ్చుకున్న పిల్లగానికి సీటియ్యకుండ, "వచ్చే ఏడు నీ పానం బాగుండదేమో" అని వేరేటోనికిచ్చినట్టయింది. ఇయ్యాల 1-5 మీద ఉండి సుత చెప్తున్న, అది అన్యాయమే. ఆ తర్వాత ఆరెంజ్ బౌల్ మ్యాచ్‌ల మా ఆటగాళ్ళు శానమంది ఆడలే, జార్జియా చేతిల 63-3 తోని ఓడినం. ఆ స్కోరు చూపెట్టి "చూసిన్రా, కమిటీ చెప్పిందే నిజం" అన్నోళ్ళున్నరు. డిసెంబర్ ఆఖర్ల పడ్డ స్కోరు, అంతకు ముందు 13 సార్లు గెలుచుకున్న హక్కును చెరిపెయ్యలేదు.

రెండో మోసం: ఉత్త ర్యాంకు

ఈ ఏడు సీజన్ షురూ కాకముందు వచ్చిన ఏపీ ర్యాంకులల్ల మమ్మల్ని 10వ స్థానంల పెట్టిన్రు. ఈసారి మోసం అటుదిక్కుకెల్లి. పోయినేటి అర్హతను తెచ్చి ఈ ఏటి బలం కింద రాసిన్రు. అసలు బలం ఏడున్నది? మా టీంకెల్లి 10 మందిని ఎన్‌ఎఫ్‌ఎల్ టీములు ఏప్రిల్‌ల ఏరుకపోయినయి. ట్రావిస్ పోయిండు. ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను ఉరికిచ్చి పట్టే జారెడ్ వెర్స్, బ్రేడెన్ ఫిస్క్ పోయిన్రు. బంతి అందుకునే కియాన్ కోల్మన్, జానీ విల్సన్ పోయిన్రు. బంతి పట్టుకొని ఉరికే ట్రే బెన్సన్ పోయిండు. కొట్టం ఖాళీ అయినంక సుత, బయట బోర్డు చూసి "ఎడ్లు మస్తున్నయి" అన్నట్టయింది.

ఇగ నడిచింది చూడుండ్రి. ఆగస్టు 24న ఐర్లండ్‌ల డబ్లిన్‌కు పోయి జార్జియా టెక్ చేతిల 24-21 తోని, ఆఖరి క్షణంల తన్నిన బంతికి ఓడినం. బోస్టన్ కాలేజ్ మా గడ్డ మీదికి వచ్చి 28-13 కొట్టింది. మెంఫిస్‌ను 13 లక్షల డాలర్లిచ్చి మేమే ఆడటానికి పిలిపించుకున్నం, 20-12 తోని వాళ్ళే గెలిచి పైసలు సుత పట్టుకపోయిన్రు. కాలిఫోర్నియా మీద 14-9 గెలిచినం, ఇప్పటిదాక అదొక్కటే. డాలస్‌ల ఎస్‌ఎంయూ 42-16, తల్లహాసీల క్లెమ్సన్ 29-13. ఆరు మ్యాచులల్ల ఒక్కసారి సుత 21 పాయింట్లు దాటలే. ఓటమి కన్నా నన్ను కాలుస్తున్నది ఆ అంకెనే.

బలం కొలిచే నాలుగు ప్రశ్నలు

ఏ టీంను చూసినా నేను నాలుగే అడుగుత. ఒకటి, ఎవల మీద గెలిచిన్రు, ఏడ గెలిచిన్రు? రెండు, ఎంత తేడాతోని గెలిచిన్రు? ఒక్క పాయింట్ తోని గెలిచినా గెలుపే, అర్హత లెక్కల అది పూర్తి మార్కులే. గని బలం లెక్కల అది సగమే, ఎందుకంటే అసొంటి మ్యాచ్ మళ్ళాడితే ఎటువోతదో ఎవలకూ తెల్వదు. మూడు, ముందర వరుస ఆగుతున్నదా? నాలుగు, వారం వారం పెరుగుతున్నరా, తరుగుతున్నరా? మన ఊరి కబడ్డీ టోర్నీల సుత ఇవే పనికొస్తయి. పోయినేడు కప్పు కొట్టిన టీంల ఇద్దరు రైడర్లు పోలీసు ఉద్యోగాలకు ఎల్లిపోతే, పాత పేరు చూసి భయపడ్తమా?

ముందటున్న టీములు

*డ్యూక్ (5-1).* చరిత్రల మా మీద డ్యూక్ ఒక్కసారి సుత గెలువలే. 22 ఆడితే 22 మావే. అది గొప్పకు పనికొస్తది, శుక్రవారం రాత్రికి పనికిరాదు. ఈ ఏడు వాళ్ళకు కొత్త కోచ్ మానీ డియాజ్ వచ్చిండు. ఆయన చదివింది మా యూనివర్సిటీలనే, చూడుండ్రి ఖర్మ. నార్త్ కరోలినా మీద 20-0 వెనుకవడి 21-20 గెలిచిన్రు. నార్త్‌వెస్టర్న్ మీద రెండు అదనపు పీరియడ్లు ఆడి 26-20 గెలిచిన్రు. కనెక్టికట్ మీద 26-21. తేడాలు సన్నగున్నయి, అంటే 5-1 ల కొంత కిస్మత్ ఉన్నది. గని ఎదుటోళ్ళను 26 పాయింట్లు దాటనిస్తలేరు. 21 దాటలేని మాకు అదే గండం. నా లెక్కల డ్యూక్ దిక్కే మొగ్గు. 22 ఏమో 22 లనే ఆగేటట్టున్నది.

*మయామీ (6-0).* పాత పగ. అర్హత లెక్కల ఏసీసీల వాళ్ళే ముందు. బలం లెక్కల మాత్రం బొక్కలున్నయి. వర్జీనియా టెక్ మీద ఆఖరి బంతి అవతలోళ్ళకే పాయింట్లని ముందుగాల చెప్పిన్రు, రీప్లే చూసి కొట్టేసిన్రు, 38-34 తోని బయటవడ్డరు. కాలిఫోర్నియా మీద 35-10 వెనుకవడి 39-38 గెలిచిన్రు. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ క్యామ్ వార్డ్‌ను చిన్నప్పుడు పెద్ద కాలేజీలు పట్టించుకోలే. చిన్న కాలేజీల షురూ జేసి, వాషింగ్టన్ స్టేట్ మీదికెల్లి ఈడికొచ్చిండు. ఆయన ఉన్నన్ని దినాలు ఎంత వెనుకవడ్డా లేస్తరు. గని డిఫెన్స్ ఇట్లనే కారుతుంటే ఎప్పుడో ఓనాడు గట్టి టీం కొడ్తది. ఆ గట్టి టీం మేము గాము. అక్టోబర్ 26న వాళ్ళ గడ్డ మీద మాకు ఆశ లేదు.

*నార్త్ కరోలినా (3-4).* జేమ్స్ మాడిసన్ చేతిల 70-50 తోని ఓడింది. అగో, 50 కొట్టి సుత ఓడిన్రు. అప్పటికెల్లి వరుసగ నాలుగు ఓటములు. ఒమారియన్ హాంప్టన్ అనే ఉరికెటోడు మాత్రం నిజమైన సరుకు. నవంబర్ 2న మా ఊర్లనే మ్యాచ్. మిగిలిన పెద్ద టీములల్ల మేము కొట్టగలిగేది ఏదన్న ఉంటే ఇదే.

*నోటర్‌డామ్ (5-1).* రికార్డు చూస్తే డ్యూక్, నోటర్‌డామ్ ఒక్కటే. రెండిటికీ 5-1. బలంల మాత్రం పొంతనే లేదు. సొంతూర్ల నార్తర్న్ ఇల్లినాయ్ చేతిల 16-14 ఓడిపోయి పరువు తీస్కున్నరు. గని అంతకు ముందు టెక్సస్ ఏ అండ్ ఎం గడ్డ మీదికి పోయి 23-13 గెలిచిన్రు. ఓడినంక పర్డ్యూను 66-7, మొన్న స్టాన్‌ఫర్డ్‌ను 49-7 కొట్టిన్రు. నాలుగో ప్రశ్నకు వీళ్ళ జవాబు గట్టిది, వారం వారం పెరుగుతున్నరు. ముందటున్న అయిదు పెద్ద టీములల్ల నా లెక్కల వీళ్ళే బలమైనోళ్ళు, మయామీ కన్నా సుత.

*ఫ్లోరిడా (3-3).* పక్కూరి పంచాయితీ. మయామీ చేతిల 41-17, టెక్సస్ ఏ అండ్ ఎం చేతిల 33-20 ఓడిన్రు. గని మొన్న టెనెస్సీకి పోయి అదనపు పీరియడ్ దాక కొట్లాడి 23-17 తోని ఓడిన్రు. అండ్లనే వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ గ్రాహం మర్ట్జ్ మోకాలు పోయింది. ఇగ మొదటి ఏడు చదువుతున్న డీజే లాగ్వే ఆడాలె. నవంబర్ 30 వరకు ఆ పోరడు ఎంత నేర్చుకుంటడో దాని మీదనే ఉన్నది. సగం సగం.

నవంబర్ 23న చార్ల్‌స్టన్ సదర్న్ అనే చిన్న డివిజన్ టీం వస్తది. అది గెలుస్తం. గెలువకపోతే నేను ఇగ క్రికెట్టే చూస్త.

మొత్తం మీద నా లెక్కల సీజన్ ఆఖరుకు మూడు, బాగైతే నాలుగు గెలుపులు. బౌల్ మ్యాచ్‌కు పోవాల్నంటే 6 గెలువాలె, అంటే మిగిలిన ఆరిట్ల అయిదు. అది పడ్తలేదు.

కొన్న నారు, పోసిన నారు

"బయటి ఆటగాళ్ళను కొని చెడిపోయిన్రు" అని మా మీద అందరంటున్నరు. సగమే నిజం. 2021 నుంచి ఆటగాడు కాలేజీ మారితే ఏడాది ఖాళీగ కూసునే పనిలేదు. అదే ఏడు జులై 1 నుంచి తన పేరు, మొఖం మీద ఆటగాడు పైసలు సంపాయించుకోవచ్చు. దాన్నే ఎన్‌ఐఎల్ అంటున్నరు. అది మంచిదే. దశాబ్దాలకు దశాబ్దాలు స్టేడియాలు నిండినయి, కోచ్‌లు కోట్లు తీస్కున్నరు, ఒళ్ళు ఇరగ్గొట్టుకున్న పోరగానికి మాత్రం చదువు ఖర్చే దక్కింది. మమ్మల్ని కొట్టిన ఎస్‌ఎంయూనే చూడుండ్రి. ఆటగాళ్ళకు సాటుంగ పైసలిచ్చిన్రని 1987 సీజన్ మొత్తం వాళ్ళను ఆడనియ్యలే. అప్పుడు శిక్ష పడ్డ పని ఇప్పుడు బాజాప్త నడుస్తున్నది. ఏసీసీల చేరుటానికి వాళ్ళు తొమ్మిదేండ్ల టీవీ పైసల వాటా సుత వద్దనుకున్నరు.

క్వార్టర్‌బ్యాక్‌ను అందరూ బయటికెల్లే తెచ్చుకుంటున్నరు. మయామీ వార్డ్‌ను తెచ్చింది. డ్యూక్ క్వార్టర్‌బ్యాక్ మాలిక్ మర్ఫీ టెక్సస్ నుంచి వచ్చిండు. నోటర్‌డామ్ క్వార్టర్‌బ్యాక్ రైలీ లెనర్డ్ ఆ డ్యూక్ నుంచే వచ్చిండు. మేము డీజే ఉయాంగలెలేను తెచ్చుకున్నం. ఆయన అంతకు ముందు ఆరెగాన్ స్టేట్‌ల, దానికి ముందు క్లెమ్సన్‌ల ఆడిండు. క్లెమ్సన్‌ల ఆయన జాగను తీస్కున్న కేడ్ క్లబ్‌నిక్ ఆడనే ఉండి, దెబ్బలు తిని, నేర్చుకొని, మొన్న మా గడ్డ మీద మమ్మల్ని కొట్టి పోయిండు. మా డీజే వేలి దెబ్బతోని బయట కూసున్నడు. క్లెమ్సన్ కోచ్ డాబో స్వీనీ ఈ ఏడు బయటోళ్ళను తీస్కోలే. మొదటి మ్యాచ్‌ల జార్జియా చేతిల 34-3 తిన్నరు, ఆ తర్వాత వరుసగ అయిదు గెలిచిన్రు.

రైతుబిడ్డలకు ఇది చెప్పుడు అల్కగ. నారుమడి పోసుకున్నోడు, నాట్లప్పుడు నాలుగు కట్టలు తక్కువవడితే పక్కోని దగ్గర తెచ్చుకుంటడు. అండ్ల తప్పు లేదు. అసలు నారే పొయ్యకుండ ప్రతి ఏడు మొత్తం పొలానికి కొన్న నారే పెడ్తే, ఒక ఏడు దొరికిన నారు మంచిదైతది, ఇంకో ఏడు ముదిరిందే దొరుకుతది. 2023ల మాకు మంచి నారు దొరికింది. వెర్స్ ఆల్బనీ నుంచి, ఫిస్క్ వెస్టర్న్ మిషిగన్ నుంచి, కోల్మన్ మిషిగన్ స్టేట్ నుంచి, బెన్సన్ ఆరెగాన్ నుంచి వచ్చినోళ్ళే. వాళ్ళు పోయేసరికి వాళ్ళెనుక తయారైన మా సొంత పోరగాండ్లు సరిపోలే. మళ్ళ కొన్నం, అలబామా నుంచే నలుగురైదుగుర్ని. పెద్ద టీంల పక్కకు కూసున్నోడు మా దగ్గర పెద్దోడైతడనుకున్నం.

ఒక హెచ్చరిక

ఇన్ని లెక్కలు చదివినంక ఎవలకన్న "అయితే డ్యూక్ మీద పైసలు పెడ్త" అనిపిస్తే, పైకి పోయి మయామీ కథ మళ్ళ చదువుండ్రి. 35-10 కాడ కాలిఫోర్నియా మీద పైసలు పెట్టినోడు ఏమైండు? బలం లెక్క అంటే, పదిసార్లు ఆడితే ఎన్నిసార్లు గెలుస్తరనే అందాజ. యాపుల పైసలు పెట్టెటోనికి ఆ పదిల ఒక్కటే దొరుకుతది, అది ఏదో ఎవలకూ తెల్వదు. తెలంగాణల 2017 నుంచి పైసలు పెట్టి ఆన్‌లైన్ల ఆడుడు చట్టం ప్రకారం సుత నేరమే. ఆటను అర్థం చేసుకుంటే ఆట ఇంకింత రుచిగుంటది, అంతవరకే.

ఇప్పుడేం జెయ్యాలె?

కోచ్ మైక్ నార్వెల్‌ను తీసెయ్యాలె అని తల్లహాసీల లొల్లి నడుస్తున్నది. ఈ జనవరిలనే ఏడాదికి కోటి డాలర్లకు మీద ఇచ్చే ఒప్పందం రాసిచ్చిన్రు. ఇప్పుడు పంపాల్నంటే 6 కోట్ల డాలర్లకు మీదనే కట్టాలె. ఆ ఒప్పందం సుత అర్హతను బలమనుకొని రాసిందే. 13-0 కు మెచ్చుకోవచ్చు. గని ఆ 13-0 ను ఆడినోళ్ళు ఎల్లిపోతున్నరని తెలిసి, వచ్చే ఎనిమిదేండ్ల భరోసా దాని మీద ఎట్ల పెడ్తరు?

నా మాటైతే, ఇప్పుడు నారు పొయ్యాలె. ఒక రూల్ ఉన్నది: కొత్త పోరడు సీజన్ల నాలుగు మ్యాచుల దాక ఆడినా, వాని ఆట ఏండ్లల్ల ఈ ఏడు లెక్కకు రాదు. మాకు మిగిలినయి ఆరు మ్యాచులు. బౌల్ ఆశ లేనప్పుడు, వచ్చే ఏడు ఎల్లిపోయే పెద్దోళ్ళతోని ఈ ఆరు నింపుడు దండుగ. బ్రాక్ గ్లెన్‌కు, మొదటి ఏటి ల్యూక్ క్రోమెన్‌హోక్‌కు బంతి ఇయ్యాలె. ముందర వరుసల పడుచు పోరగాండ్లను నిలవెట్టాలె. నోటర్‌డామ్ చేతిల దెబ్బలు తింటరు, తిననియ్యి. దెబ్బలు తిని నేర్చుకున్న క్లబ్‌నిక్ మమ్మల్నే ఎట్ల కొట్టిండో చూసినం గదా.

అందుకే శనివారం తెల్లారి స్కోరు ఏమొచ్చినా, నేను చూసేది ఒక్కటే. ఆఖరి పావుల మైదానంల ఎవలున్నరు? వచ్చే ఏడు సుత ఉండెటోళ్ళా, డిసెంబర్‌ల పెట్టె సదురుకునెటోళ్ళా? వచ్చే సీజన్ మా బలం ఎంతుంటదో ఆ జవాబుల తెలుస్తది.